గాలి శుభ్రం చేస్తే ఎండలు పెరుగుతాయా?

కూకట్‌పల్లి_కిరణ్
మా ఫ్యామిలీ గ్రూపులో బాబాయ్ ఒక ఫార్వర్డ్ పెట్టాడు. చైనా వాళ్లు పొగ తగ్గించేశారట, ఓడల వాళ్లు గంధకం తక్కువున్న ఆయిల్ వాడుతున్నారట, అందుకే 2023 నుంచి ఎండలు ఇలా మండిపోతున్నాయట. కాబట్టి మనకి కాస్త పొగ ఉంటేనే మంచిదట. కింద అందరూ దండాలు పెట్టేశారు. కొట్టిపారేద్దామని వెతికితే సైంటిస్టులే ఇంచుమించు ఇలాంటిదేదో అంటున్నట్టు కనబడుతోంది. ఇందులో నిజమెంత, కల్తీ ఎంత? తెలిసినవాళ్లు మామూలు మాటల్లో చెప్పండి. లింకులు వద్దు, బాబాయ్ చదవడు.

మాడుగుల_హల్వా
బాబాయ్ ఇంట్లో ఏసీ ఉండే ఉంటుంది. పొగ మంచిదని చెప్పేవాళ్లెవరూ కిటికీ తీసి పడుకోరు.

మొహమాటంలేని_మూర్తి
ఒకసారి పొగ వల్ల భూమి వేడెక్కుతోందంటారు, ఇంకోసారి పొగ తగ్గినందుకు వేడెక్కుతోందంటారు. ముందు వీళ్లని ఒక మాట మీద నిలబడమనండి. ఆ తర్వాత నేను నమ్మాలో వద్దో ఆలోచిస్తా.

పొగమంచు_పద్మ
మూర్తి గారూ, రెండు మాటలు ఎందుకొస్తున్నాయంటే పొగ ఒకటే పదార్థం కాదు కాబట్టి. నా పీహెచ్‌డీ ఈ ఏరోసాల్స్ మీదే, అంటే గాలిలో తేలే సన్నటి రేణువుల మీద, కాస్త పొడుగ్గా రాస్తాను, భరించండి.

బొగ్గు కాలితే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. బొగ్గులో ఉన్న గంధకం కూడా కాలి సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. మొదటిది గాలిలో దేనితోనూ పెద్దగా కలవదు, అలాగే ఉండిపోయి భూమి నుంచి పైకి పోయే వేడిని పట్టుకుంటుంది. రెండోది ఊరికే ఉండదు. ఎండ ఉన్నప్పుడు గాలిలో హైడ్రాక్సిల్ రాడికల్ అని ఒకటి పుడుతుంది, క్షణం కూడా బతకదు గానీ దొరికిన దాన్నల్లా ఆక్సీకరణం చేస్తుంది. మబ్బు చుక్కల్లో అయితే ఆ పని హైడ్రోజన్ పెరాక్సైడ్ చేస్తుంది. ఎలా జరిగినా చివరికి వచ్చేది సల్ఫ్యూరిక్ ఆమ్లం. దానికి యూరియా చల్లిన పొలాల నుంచి, పశువుల పేడ, మూత్రాల నుంచి వచ్చే అమ్మోనియా తోడైతే అమ్మోనియం సల్ఫేట్ అనే సన్నటి రేణువు తయారవుతుంది. ఎండని వెనక్కి కొట్టేది ఇదే. మబ్బుల్లో నీటి చుక్కల సంఖ్య పెంచి మబ్బుని ఇంకా తెల్లగా చేసేదీ ఇదే.

అంకెల్లో చెప్పాలంటే, వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం 1850-1900తో పోలిస్తే 2010-2019 నాటికి భూమి దాదాపు 1.1 డిగ్రీ వేడెక్కింది. గ్రీన్‌హౌస్ వాయువుల లెక్క ఒక్కటే చూస్తే 1.5 డిగ్రీ దాకా పెరగాల్సింది. మనం వదిలిన ఏరోసాల్స్ ఓ 0.4 డిగ్రీ తగ్గించాయి. ఈ 0.4 మాత్రం గట్టి అంకె కాదు, 0 నుంచి 0.8 మధ్య ఎక్కడైనా ఉండొచ్చని వాళ్లే రాశారు. మా ఫీల్డులో అందరికీ తలనొప్పి తెచ్చేది ఈ అంకే.

మొహమాటంలేని_మూర్తి
అంటే బాబాయ్ గెలిచాడన్నమాట. టాపిక్ క్లోజ్ చేయండి.

పొగమంచు_పద్మ
ఆగండి. సల్ఫేట్ రేణువు గాలిలో ఉండేది మహా అయితే వారం పది రోజులు. ఒక మంచి వాన పడితే కడుక్కుపోతుంది. అదే పొయ్యిలోంచి వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌లో చెప్పుకోదగ్గ భాగం వందల ఏళ్లు ఉంటుంది. ఇవాళ కాల్చిన బొగ్గు ఇచ్చే చల్లదనం వచ్చే వారం ఉండదు, వేడి మనవళ్ల దాకా ఉంటుంది. ఆ చల్లదనం అలాగే నిలవాలంటే రోజూ కాలుస్తూనే ఉండాలి. కాల్చే కొద్దీ అడుగున వేడి సరుకు పేరుకుంటూనే ఉంటుంది. ఫార్వర్డ్ రాసినవాళ్లు వదిలేసింది ఈ ముక్కే.

గోదారిగాలి
పినటుబో గుర్తుందా ఎవరికైనా? 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లో పేలిన అగ్నిపర్వతం. ఆ గంధకం స్ట్రాటోస్ఫియర్ దాకా, అంటే మబ్బుల పైనున్న పొర దాకా పోయింది. అక్కడ వాన ఉండదు కాబట్టి కడుక్కుపోలేదు, ఏడాదికి పైగా నిలిచింది. మరుసటి ఏడాది భూమి సగటున దాదాపు అర డిగ్రీ చల్లబడింది. తర్వాత మళ్లీ మామూలే. పద్మ గారు చెప్పిన ఆయుష్షు లెక్కకి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

శ్రీహరిపురం_శీను
ఓడల సంగతి మాత్రం నిజమే. నేను షిప్పింగ్ లైన్లోనే ఉన్నా. 2020 జనవరి 1 నుంచి ఓడ ఇంధనంలో గంధకం పరిమితి 3.5 శాతం నుంచి 0.5కి దించారు. అంతకు ముందు వాడిన హెవీ ఫ్యూయల్ ఆయిల్ చూస్తే మీకు భయమేస్తుంది. చల్లగా ఉంటే తారులా గడ్డకట్టి ఉంటుంది, వేడి చేస్తే గానీ పైపులో కదలదు. శాంపిల్ బాటిల్ తిరగేసి పట్టుకున్నా కిందకి దిగడానికి తీరిక చేసుకుంటుంది. రిఫైనరీలో పెట్రోలు, డీజిలు, కిరోసిన్ అన్నీ తీసేశాక మిగిలిన మడ్డి అది.

కొత్త ఆయిల్ ఖరీదని కొందరు స్క్రబ్బర్లు పెట్టుకున్నారు. పొగని సముద్రపు నీళ్లతో కడిగి ఆ నీళ్లు మళ్లీ సముద్రంలోకే వదలడం. గాలిలో పోవాల్సింది నీళ్లలో పోయింది, కాగితం మీద మాత్రం రూల్ పాటించినట్టే. అందుకే కొన్ని రేవుల్లో ఆ నీళ్లు వదలనివ్వరు.

కూకట్‌పల్లి_కిరణ్
శీనూ, మరి ఓడల వల్లే ఇంత ఎండలా?

పొగమంచు_పద్మ
ఓడ పొగ వల్ల సముద్రం మీద తెల్లటి మబ్బు చారలు పడేవి, ఉపగ్రహం ఫొటోల్లో గీతలు గీసినట్టు కనిపించేవి. 2020 తర్వాత అవి బాగా తగ్గాయి. అంతవరకు అందరూ ఒప్పుకుంటారు. దాని వల్ల ఎంత వేడి పెరిగిందన్న దగ్గరే గొడవ. డిగ్రీలో వందో వంతుల్లో అనేవాళ్లే ఎక్కువ, కాదు బాగానే ఉందనేవాళ్లు కొందరు. 2023-24లో ఎల్ నినో, అంటే పసిఫిక్ సముద్రం వేడెక్కి భూమంతా వేడి పెంచేది, కూడా వచ్చిందని మరిచిపోకూడదు. చైనా విషయానికొస్తే, 2013లో వాళ్లు గాలి కాలుష్యం తగ్గించే ప్రణాళిక మొదలుపెట్టాక పదేళ్లలో సల్ఫర్ డయాక్సైడ్ సగానికి పైగానే తగ్గించారు. ఇప్పుడు ఆ వాయువు ఎక్కువ వదిలే దేశం మనదే.

మాడుగుల_హల్వా
ఎందులోనో ఒకదాంట్లో చైనాని దాటాం. స్వీట్లు పంచండి.

బాయిలర్_బాబాయ్
థర్మల్ స్టేషన్లో కెమిస్టుగా చేసి రిటైరయ్యాను. ఏ స్టేషన్ అని అడగొద్దు, పెన్షన్ అక్కడి నుంచే వస్తుంది.

చిమ్నీలోంచి నల్లగా పొగ కనబడకపోతే కాలుష్యం లేదనుకుంటారు జనం. మన బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం ఉంటుంది. దాన్ని పట్టడానికి ఈఎస్‌పీ ఉంటుంది. ఎక్కువ వోల్టేజీ పెట్టిన పలకల మధ్యలోంచి పొగ పోతుంటే బూడిద పలకలకి అంటుకుంటుంది, సుత్తులు కొట్టి దులుపుతారు. అన్ని ఫీల్డులూ, అంటే ఆ పలకల వరసలన్నీ, సరిగా పనిచేస్తే 99 శాతానికి పైగా ఆగిపోతుంది. ఒక రాత్రి షిఫ్టులో రెండు ఫీల్డులు ట్రిప్ అయితే బాగు చేసేదాకా లోడు తగ్గించమని అడిగాను. "తెల్లారాక చూద్దాం" అన్నారు. తెల్లారాక నిజంగానే చూశాం, క్వార్టర్స్‌లో ఆరేసిన బట్టల మీద, తులసికోట మీద, స్కూటర్ల సీట్ల మీద. వేలితో రాస్తే పేరు పడేంత బూడిద.

బూడిద కనబడుతుంది కాబట్టి కనీసం తిట్టేవాళ్లుంటారు. సల్ఫర్ డయాక్సైడ్ కనబడదు. 220 మీటర్లు, 275 మీటర్లు ఎత్తు చిమ్నీ కడతారు. దాని పని వాయువుని తగ్గించడం కాదు, పక్క జిల్లాకి పంపడం. తగ్గించాలంటే ఎఫ్‌జీడీ అనే యూనిట్ కావాలి. సున్నపురాయి పొడి కలిపిన నీళ్లని పొగ మీద చల్లితే గంధకం జిప్సంగా మారి కింద పడుతుంది. 2015 డిసెంబర్లో రూల్ వచ్చింది, రెండేళ్లలో పెట్టాలన్నారు. తర్వాత వాయిదా, మళ్లీ వాయిదా. చివరికి 2025 జులైలో ఎక్కువ స్టేషన్లకి మినహాయింపే ఇచ్చేశారు. పెద్ద నగరాలకి 10 కిలోమీటర్ల లోపు ఉన్నవి పెట్టాలి, కాలుష్యం ఎక్కువున్న ప్రాంతాల దగ్గరివి ఒక్కోటి విడిగా చూస్తారు, మిగతావాటికి అక్కర్లేదు.

మన బొగ్గులో గంధకం తక్కువ, అర శాతం చుట్టూ, అందుకని అక్కర్లేదన్నది వాళ్ల వాదన. శాతం తక్కువే, కాదనను. కానీ రోజుకు 10 వేల టన్నులు కాల్చే స్టేషన్ తీసుకోండి. అర శాతం అంటే 50 టన్నుల గంధకం. ఆక్సిజన్ కలిశాక బరువు రెట్టింపు, అంటే ఇంచుమించు 100 టన్నుల సల్ఫర్ డయాక్సైడ్. ఒక్క రోజుకి. శాతం చూసి మోసపోవద్దు.

మొహమాటంలేని_మూర్తి
ఇన్ని టన్నులు పోస్తుంటే, అది చల్లబరిచేదే అయితే, రామగుండం, కొత్తగూడెం ఊటీలా ఉండాలి కదా?

బాయిలర్_బాబాయ్
మే నెలలో కొత్తగూడెం బస్టాండులో ఒక్క మధ్యాహ్నం నిలబడి అప్పుడు ఈ జోకు వేయి నాయనా.

పొగమంచు_పద్మ
జోకు అయినా మంచి ప్రశ్నే. చిమ్నీ పక్కనే సల్ఫేట్ ఉండదు. వాయువు రేణువుగా మారడానికి గంటలు, రోజులు పడుతుంది. ఆలోపు గాలి దాన్ని వందల కిలోమీటర్లు లాక్కెళ్తుంది. పాల్వంచలో వదిలింది ఎక్కడో ఒడిశా మీదో బంగాళాఖాతం మీదో రేణువు కావచ్చు. కాబట్టి చల్లదనం పెద్ద ప్రాంతం మీద పలచగా పరుచుకుంటుంది. బొగ్గు గనుల ఊళ్లు మండిపోవడానికి కారణాలు వేరే. సముద్రానికి దూరం, నల్ల నేల, ఓపెన్‌కాస్ట్ తవ్వకాలు, చెట్లు లేకపోవడం.

ఇంకోటి. అన్ని పొగలూ చల్లబరచవు. మసి, అంటే బ్లాక్ కార్బన్, ఎండని మింగి చుట్టూ గాలిని వేడెక్కిస్తుంది. పాత డీజిల్ ఇంజన్లు, కట్టెల పొయ్యిలు, ఇటుక బట్టీలు, తగలబెట్టిన గడ్డి, వీటన్నిటి నుంచీ వచ్చేది అదే. హిమాలయాల మంచు మీద పడితే తెల్లటి మంచు నల్లబడి తొందరగా కరుగుతుంది. "కాస్త పొగ ఉంటే మంచిది" అన్న మాటకి ఏ పొగ అని ఎదురు ప్రశ్న వేయండి.

పాప_అమ్మ
మీరందరూ డిగ్రీల గురించి మాట్లాడుకుంటున్నారు. మా పాపకి చలికాలం వస్తే నెబులైజర్ లేకుండా రాత్రి గడవదు. డాక్టరు గాలి బాగోలేని రోజు బయట ఆడించొద్దంటారు. ఏ రోజు బాగోలేదో ఎలా తెలుసుకోను? ఒక యాప్‌లో 155 చూపిస్తుంది, ఎర్రగా. అదే టైములో ఇంకో యాప్‌లో 100, లేత పచ్చగా, "సంతృప్తికరం" అని. ఏది నమ్మాలి? నాకైతే రెండూ చూసి టెన్షనే తప్ప ఉపయోగం లేదు.

డేటా_దుర్గ
పాప అమ్మ గారూ, రెండూ నిజమే చెబుతున్నాయి. కొలిచేది ఒకటే, మార్కులు వేసేవాళ్లు వేరు. పీఎం2.5, అంటే ఊపిరితిత్తుల లోపలి దాకా పోయే సన్నటి ధూళి, ఘనపు మీటరుకి 60 మైక్రోగ్రాములు ఉందనుకోండి. మన జాతీయ గాలి నాణ్యత సూచీ (ఏక్యూఐ)లో అది సరిగ్గా 100, ఎందుకంటే 24 గంటలకి మన దేశం పెట్టుకున్న హద్దు 60. అమెరికా స్కేలులో అదే 60కి 150 దాటిపోతుంది. 24 గంటలకి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దయితే 15 మైక్రోగ్రాములే. విదేశీ యాప్‌లు చాలావరకు అమెరికా స్కేలు వాడతాయి.

పైగా మన సూచీ 24 గంటల సగటు. సాయంత్రం ఆరింటికి పక్క వీధిలో చెత్త కాల్చినా ఆ అంకె వెంటనే కదలదు. పాప కోసమైతే సూచీ వదిలేసి పీఎం2.5 గంటవారీ అంకె చూడండి, అది చాలా యాప్‌లలో లోపల ఎక్కడో ఉంటుంది. మీకు దగ్గరి స్టేషన్ ఎంత దూరంలో ఉందో కూడా చూడండి. మా ఇంటికి చూపించే స్టేషన్ చెరువు అవతల పార్కులో ఉంది, మేము ఉండేది లారీలు పోయే రోడ్డు మీద.

పాప_అమ్మ
థాంక్స్ దుర్గా. ఈ సంగతి యాప్ మొదటి పేజీలోనే రాస్తే ఏం పోయేది వాళ్లకి.

పొగమంచు_పద్మ
ఇంకొక్క మాట. నేను పైన తెల్లటి సల్ఫేట్ రేణువు అన్నానే, ఎండని వెనక్కి పంపుతుందని. అది కూడా పీఎం2.5లోదే. పాప ఊపిరితిత్తుల్లోకి పోయేది, కిరణ్ వాళ్ల బాబాయ్ మెచ్చుకుంటున్నది, ఒకే రేణువు.

డల్లాస్_ప్రసాద్
మాకిక్కడ చలికాలం కాదు, ఎండాకాలం భయం. ఓజోన్ యాక్షన్ డే అని మెసేజ్ వస్తుంది, మధ్యాహ్నం బయట పరిగెత్తొద్దు, పొద్దున్నే పెట్రోలు కొట్టించుకోవద్దు అని. ఆకాశం మాత్రం నీలంగా, తళతళలాడుతూ ఉంటుంది. మొదట్లో మా నాన్నగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు "ఓజోన్ మంచిదే కదరా, చిల్లు పడిందని ఏడ్చారుగా" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

పొగమంచు_పద్మ
పైన 15-35 కిలోమీటర్ల ఎత్తులో ఉన్నది అతినీలలోహిత కిరణాలని ఆపుతుంది. ముక్కు దగ్గర ఉన్నది గొంతు మండిస్తుంది. అణువు అదే, ఉన్న చోటే వేరు.

కింది ఓజోన్ని ఏ బండీ నేరుగా వదలదు. బండి పొగలోని నైట్రోజన్ డయాక్సైడ్‌ని ఎండ విరగ్గొడితే ఒక ఆక్సిజన్ పరమాణువు విడివడి, గాలిలోని మామూలు ఆక్సిజన్‌తో కలిసి ఓజోన్ అవుతుంది. మిగిలిన నైట్రిక్ ఆక్సైడ్ మళ్లీ ఆ ఓజోన్నే తినేస్తుంది, లెక్క సరిపోవాలి. కానీ పెట్రోలు ఆవిరి, పెయింటు థిన్నర్ లాంటివి గాలిలో ఉంటే మధ్యలో దూరి ఆ తినే పనికి అడ్డం పడతాయి. ఓజోన్ పేరుకుంటుంది. పొద్దున్నే పెట్రోలు కొట్టించుకోవద్దనేది అందుకే, ఆ ఆవిరికి రోజంతా ఎండ దొరుకుతుంది.

తమాషా ఏంటంటే ట్రాఫిక్ బాగా ఉన్న జంక్షన్లో ఓజోన్ తక్కువ ఉంటుంది, తినే నైట్రిక్ ఆక్సైడ్ అక్కడ ఎక్కువ కాబట్టి. ఊరికి గాలి వాలున ఉన్న పల్లెల్లో ఎక్కువ ఉంటుంది. 2020 లాక్‌డౌన్లో బండ్లు ఆగిపోయి నైట్రోజన్ డయాక్సైడ్ పడిపోతే, చాలా నగరాల్లో ఓజోన్ తగ్గకపోగా పెరిగింది.

నిజామాబాద్_రైతుబిడ్డ
చివరికి అందరూ మా గడ్డి దగ్గరికే వస్తారని తెలుసు, అందుకే నేనే వచ్చాను. పద్మ గారు ఇప్పటికే ఒక చురక వేశారు.

చేత్తో కోసిన రోజుల్లో గడ్డి వాము వేసుకునేవాళ్లం, పశువులు తినేవి. ఇప్పుడు కోతకి మనుషులు దొరకరు, హార్వెస్టర్ వస్తుంది. అది గింజ తీసుకుని గడ్డి మడంతా చిందరవందరగా పారేస్తుంది, మోకాలి కింది దాకా కొయ్యకాళ్లు వదిలేస్తుంది. ఇంట్లో పశువులే లేవు, గడ్డి ఎవరికి? నాగలికి చుట్టుకుంటుంది, నాట్లకి నీళ్లు వదిలే తేదీ దగ్గరపడుతుంది. అగ్గిపుల్ల ఒక్క రూపాయి పని. ఏ అధికారీ వచ్చి ఆ రూపాయి పనికి బదులు పని చూపించడు, ఫొటో తీసుకుని పోతాడు.

ఓజోన్ పల్లెల్లో ఎక్కువ అన్నారు. మా పంట మీద పడుతుందా అది?

పొగమంచు_పద్మ
పడుతుంది. ఆకు ఊపిరి తీసుకునే రంధ్రాల్లోంచి లోపలికి పోయి ఆకుని తొందరగా ముసలిదాన్ని చేస్తుంది. గోధుమ, సోయా ఎక్కువ దెబ్బ తింటాయి, వరి కాస్త తట్టుకుంటుంది గానీ దానికీ దిగుబడి నష్టం ఉంది. బండ్లు నగరంలోవి, నష్టం పొలంలోది. మీ కోపంలో న్యాయముంది.

బాయిలర్_బాబాయ్
టన్ను గడ్డి కాలిస్తే 3 కిలోల ధూళి, 60 కిలోల కార్బన్ మోనాక్సైడ్ అని వ్యవసాయ శాఖ కరపత్రాల్లో లెక్క ఉంటుంది. 1,460 కిలోల కార్బన్ డయాక్సైడ్ అని కూడా కలుపుతారు, ఆ మూడోది మాత్రం బొగ్గుతో సమానంగా చూడకూడదు. ఆ కార్బన్ నాలుగు నెలల కింద ఆ మొక్క గాలిలోంచే తీసుకుంది. బొగ్గులోది కోట్ల ఏళ్ల కిందటిది.

నిజామాబాద్_రైతుబిడ్డ
బాబాయ్, ఈ ఒక్క మాట అన్నందుకు మా ఊరొస్తే మక్క గారెలు పెడతా.

మొహమాటంలేని_మూర్తి
కార్బన్ డయాక్సైడ్ అంటే అగ్నిపర్వతాలు వదలడం లేదా? మనిషి వదిలేది దాని ముందు ఏ పాటి?

డేటా_దుర్గ
మనుషులు శిలాజ ఇంధనాల నుంచి ఏడాదికి 37 వందల కోట్ల టన్నుల చుట్టూ వదులుతున్నారు. ప్రపంచంలోని అగ్నిపర్వతాలన్నీ కలిపి అందులో ఒక శాతం కూడా ఉండవు. పైగా గాలిలో పెరిగిన కార్బన్ ఎక్కడిదో దాని ఐసోటోపులు, అంటే బరువులో తేడా ఉన్న కార్బన్ రకాలు, చెప్పేస్తాయి. మొక్కల నుంచి పుట్టిన బొగ్గు, చమురుల్లో కార్బన్-13 తక్కువ, కార్బన్-14 అసలుండదు. మనం కాల్చే కొద్దీ గాలిలో ఆ రెండిటి వాటా తగ్గుతోంది, ఆక్సిజన్ కూడా కాలిన లెక్కకి తగ్గట్టే పిసరంత తగ్గుతోంది. అగ్నిపర్వతం ఆక్సిజన్ వాడుకోదు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పారిశ్రామిక యుగానికి ముందు పది లక్షల్లో 280 పాళ్లు, 1958లో హవాయిలోని మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు 315 చుట్టూ, ఇప్పుడు 420 దాటింది.

మొహమాటంలేని_మూర్తి
ఆక్సిజన్ ముక్క కొత్తగా ఉంది. ఆలోచిస్తా.

మాడుగుల_హల్వా
మూర్తి గారు ఆలోచిస్తానన్నారు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి ఎవరైనా.

గోదారిగాలి
రైతుబిడ్డ గారూ, గడ్డి కంటే పెద్దది నీళ్లలో ఉంది కదా. నిలువ నీళ్ల మడిలో బురదకి గాలి ఆడక బాక్టీరియా మీథేన్ తయారు చేస్తుంది. మాది కోనసీమ, మేమూ అదే పాపం. తడి, పొడి పద్ధతిలో నీళ్లు ఆరనిచ్చి మళ్లీ పెడితే మీథేన్ మూడో వంతో సగమో తగ్గుతుందంటారు.

నిజామాబాద్_రైతుబిడ్డ
తెలుసండి, మా దగ్గర ట్రైనింగ్ కూడా ఇచ్చారు. చిల్లులు పెట్టిన పైపు ముక్క మడిలో దింపుతారు, అందులో నీటి మట్టం నేల కింద జానెడు దాకా దిగాక మళ్లీ తడి పెట్టాలి. బోరున్నవాడు చేయగలడు. కాలువ కింద ఉన్నవాడు వచ్చినప్పుడు నింపుకోకపోతే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. పైగా ఆరబెడితే కలుపు లేస్తుంది, ఆ కూలి ఎవరిస్తారు? బోరు ఉన్నవాడికేమో కరెంటు ఉచితం, నీళ్లు ఆదా చేస్తే చేతికొచ్చేది ఏమీ లేదు.

పొగమంచు_పద్మ
నేల ఆరితే నైట్రస్ ఆక్సైడ్ అనే ఇంకో వేడి పట్టే వాయువు కాస్త పెరుగుతుంది, అయినా మొత్తం లెక్కలో లాభమే. నన్నడిగితే కిరణ్ బాబాయ్‌కి అసలు జవాబు ఈ మీథేన్లోనే ఉంది. పైన చెప్పిన హైడ్రాక్సిల్ రాడికలే దీన్నీ తినేస్తుంది, అందుకే ఆయుష్షు పదేళ్ల చుట్టూనే. 20 ఏళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు వేడి పట్టుకుంటుంది. ఇప్పటి వరకు పెరిగిన వేడిలో అర డిగ్రీ దీనిదే. సల్ఫేట్ పోతే పోయే 0.4 డిగ్రీకి బదులు తీర్చగలిగేది, అదీ మన జీవితకాలంలో, మీథేన్, మసి తగ్గించడమే. రెండూ తగ్గితే గాలీ బాగుపడుతుంది, మీథేన్ నుంచి ఓజోన్ కూడా పుడుతుంది కాబట్టి.

డల్లాస్_ప్రసాద్
పినటుబో చేసిన పని విమానాలతో మనమే చేస్తే? పైనే గంధకం చల్లి, కింద గాలి శుభ్రంగా ఉంచుకోవచ్చు కదా.

పొగమంచు_పద్మ
ఓజోన్ రసాయన శాస్త్రానికి 1995లో నోబెల్ పంచుకున్న పాల్ క్రుట్జెన్ 2006లో ఈ ఆలోచన మీద సీరియస్‌గా చర్చించాలని రాశారు, చాలామంది ఆయన మీద విరుచుకుపడ్డారు. పినటుబో తర్వాత పై ఓజోన్ కూడా తగ్గింది. రుతుపవనాల మీద ఏమవుతుందో అన్నది ఇంకా పెద్ద భయం. ఇప్పటికే 20వ శతాబ్దం రెండో సగంలో మన రుతుపవనాలు బలహీనపడటంలో ఏరోసాల్స్ చేయి ఉందని ఐపీసీసీ కూడా రాసింది. నేల తక్కువ వేడెక్కితే సముద్రం నుంచి గాలిని లాగే బలం తగ్గుతుంది. బాబాయ్‌కి ఇది కూడా చెప్పండి కిరణ్, ఆ గొడుగు ఎండతో పాటు వానని కూడా ఆపుతుంది.

నిజామాబాద్_రైతుబిడ్డ
వాన దగ్గరికొస్తే నేను బాబాయ్‌కి ఓటెయ్యను.

మోడరేటర్_మావయ్య
ఓటు అనే మాట చూసి వచ్చాను. పార్టీల పేర్లు వద్దు. ఎఫ్‌జీడీ మినహాయింపు మీద ఒకరు రాసిన పోస్టు తీసేశాను, అందులో సమాచారం లేదు, తిట్లు మాత్రమే ఉన్నాయి.

సికింద్రాబాద్_చల్లగాలి
నేను ఏసీలు బాగు చేస్తా. మొదట ఏసీ మాట తీశారు కాబట్టి చెబుతున్నా. ఆర్22 అనే పాత రకం చల్లబరిచే గ్యాస్‌తో నడిచే మెషిన్లు ఇంకా బోలెడున్నాయి. కాయిల్‌కి చిల్లి పడితే లీకు బాగు చేయించండి అంటా. "అదంతా ఎందుకు, గ్యాస్ నింపి పో" అంటారు. మళ్లీ సీజన్‌కి ఖాళీ. విప్పేటప్పుడు గ్యాస్ రికవరీ మెషిన్లోకి లాగాలి, కానీ అది కొనే స్తోమత చిన్న షాపులకి ఎక్కడిది. సర్వీస్ వాల్వ్ తిప్పి గాలిలోకి ఉస్సుమని వదిలేస్తారు. అర నిమిషం, పైపు మీద తెల్లగా మంచు పడుతుంది, అయిపోయింది.

డేటా_దుర్గ
ఆ ఉస్సు ఖరీదు లెక్కేశాను. ఆర్22 కిలోకి కిలో కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 1,800 రెట్లు వేడి పట్టుకుంటుంది. పెట్రోలు లీటరు కాలిస్తే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే కిలో ఆర్22 వదిలితే ఓ 780 లీటర్ల పెట్రోలు కాల్చినట్టు. కొత్త ఏసీల్లో వచ్చే ఆర్32 ఓజోన్ పొరని ముట్టదు గానీ అదీ 675 రెట్లు.

పొగమంచు_పద్మ
చల్లగాలి గారూ, మీ పనికీ ఈ శాస్త్రానికీ పాత చుట్టరికం ఉంది. వీరభద్రన్ రామనాథన్ అని, ఇంజనీరింగ్ అయ్యాక సికింద్రాబాద్‌లోనే ఒక ఫ్రిజ్‌ల కంపెనీలో చేరారు. ఫ్రిజ్‌లోంచి గ్యాస్ ఎందుకు లీకవుతోందో చూడటం ఆయన పని. తర్వాత అమెరికా వెళ్లి 1975లో అదే సీఎఫ్‌సీ గ్యాస్ భూమిని ఎంత వేడెక్కిస్తుందో లెక్కగట్టారు. ఒక సీఎఫ్‌సీ అణువు దాదాపు పది వేల కార్బన్ డయాక్సైడ్ అణువుల పెట్టు అని తేలింది. అప్పటిదాకా మనుషులు వదిలే గ్రీన్‌హౌస్ వాయువు అంటే ముఖ్యంగా కార్బన్ డయాక్సైడే అనుకునేవాళ్లు. 1999లో హిందూ మహాసముద్రం మీద గోధుమ రంగు పొగ మేఘాన్ని కొలిచిన ఇండోఎక్స్ ప్రయోగాన్ని క్రుట్జెన్‌తో కలిసి నడిపిందీ ఆయనే. మన ఈ థ్రెడ్ మొత్తం ఆయన బయోడేటాలో ఉంది.

సికింద్రాబాద్_చల్లగాలి
మా ఊళ్లో లీకులు చూసినాయన అంత పైకి వెళ్లారా! నేను ఇరవై ఏళ్లుగా చూస్తున్నా, షాపు అద్దె కట్టడమే సరిపోతోంది.

కూకట్‌పల్లి_కిరణ్
గ్రూపులో పెట్టడానికి ఇలా రాశాను, చూడండి: "బాబాయ్, పొగ కొంత చల్లబరిచేది నిజమే. కానీ అది వారంలో పోతుంది, దాంతో వచ్చే వేడి వందల ఏళ్లు ఉంటుంది. ఆ పొగ పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది, వానలు కూడా తగ్గిస్తుంది. పొగ ఆపుతూనే మీథేన్, మసి, ఏసీ గ్యాస్ కూడా ఆపాలి. నీ పాత ఏసీ లీకు ముందు బాగు చేయించు."

పొగమంచు_పద్మ
బాగుంది. "వానలు తగ్గిస్తుంది" బదులు "తగ్గించే ప్రమాదం ఉంది" అనండి. ప్రాంతాన్ని బట్టి, ఏడాదిని బట్టి మారుతుంది, పట్టుబడిపోతారు.

మాడుగుల_హల్వా
చివరి వాక్యం తీసెయ్యి. శుభకార్యాలకి పిలవరు.

బాయిలర్_బాబాయ్
చివరి వాక్యమే ఉంచు. మిగతాది ఎవరూ చదవరు.

నిజామాబాద్_రైతుబిడ్డ
ఇక్కడ బేలర్, అదే గడ్డిని కట్టలు కట్టే మెషిన్, వాడినవాళ్లెవరైనా ఉన్నారా? మా మండలంలో ఒకటే ఉంది, నా వంతు వచ్చేసరికి నాట్లు అయిపోతాయి. నలుగురం కలిసి కొందామంటే కట్టలు ఎవరికి అమ్మాలో తేలడం లేదు.

గోదారిగాలి
మా వైపు పాడి ఉన్నవాళ్లు కొంటారు, కానీ లారీ కిరాయే కట్ట ధరని మింగేస్తుంది. మీకు దగ్గర్లో డెయిరీ రైతులు గానీ, పుట్టగొడుగులు పెంచేవాళ్లు గానీ ఉన్నారేమో ముందు వాకబు చేయండి. మడిలోనే కలిపేసేట్టయితే రోటవేటర్‌తో చిన్న ముక్కలు చేసి, నీళ్లు పెట్టి, కాస్త యూరియానో సూపర్ ఫాస్ఫేటో చల్లి, కనీసం రెండు మూడు వారాలు కుళ్లనివ్వాలి. వెంటనే నాటితే పైరు పసుపు రంగుకి తిరిగిపోతుంది.

నిజామాబాద్_రైతుబిడ్డ
ఆ మూడు వారాలే మా దగ్గర లేనిది. సరే, డెయిరీ వాళ్లని అడుగుతా.

మొహమాటంలేని_మూర్తి
చల్లగాలి గారూ, మాది కూడా ఆర్22 మెషినే, ఏటా నింపిస్తున్నా. లీకు చూసి పెడతారా? నంబరు ఇవ్వండి.

మోడరేటర్_మావయ్య
నంబర్లు ఇక్కడ వద్దు, ప్రైవేట్ మెసేజ్‌లో మాట్లాడుకోండి.